గేటు కంప్యూటరు ఉమాశ్రీ

మనిషిని చూడగానే నమ్మడం నా వృత్తిలో లేదు. అలాంటివాణ్ణి ఒక మనిషిని గురించి మంచిగా రాయడానికి కూర్చున్నానంటే, ఊరికే కూర్చోలేదని చదివేవాళ్ళు గ్రహించాలి.

ముందు నేనెవరో చెప్పాలి. చెప్పేవాడెవడో తెలియకుండా ఎవరి మాటా వినకూడదు. నా పేరు సాయిలు. జనగామ పక్కన చిన్న పల్లె మాది. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. అక్కడితో బడి అయిపోయింది గాని చదువు అయిపోలేదు. మా తెలుగు సారు తప్పును పలక మీద దిద్దేవారు కాదు, చేతి మీద దిద్దేవారు. ఆ దెబ్బల పుణ్యమే, ఇవాళ డిగ్రీలున్న సూపర్‌వైజర్లు కూడా పోలీస్ స్టేషన్‌కు అర్జీ రాయాలంటే నా దగ్గరికే వస్తారు. నానక్‌రామ్‌గూడలో ఈ అద్దాల మేడలు లేవకముందు, బండల నడుమ సిమెంటు బస్తాలకు కాపలా ఉన్నది నేనే. లారీల్లో ఇసుక కింద ఇనుప చువ్వలు దాచి దాటించే ముఠాను, టైర్లు ఎంత కుంగాయో చూసి పట్టించాను. ఆ కట్టడం యజమాని నాకు శాలువా కప్పాడు. తర్వాత సొంతంగా సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టాను. మా మండలం నుంచి వచ్చి ఈ ఐటీ కారిడార్ గేట్ల దగ్గర నిలబడ్డ పిల్లలు ఎంతోమంది నా చేతి మీదుగా నిలబడ్డవాళ్ళే.

నా దగ్గర ఒక పద్ధతి ఉంది. పనికి ఎవడొచ్చినా మొదట చదువు అడగను, ఒడ్డూ పొడుగూ చూడను. నువ్వు ఎవరి మీద వచ్చినవ్ అని అడుగుతాను. వాడికి జామీనుగా ఊళ్ళో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషిని నేనెరిగిన ఇంకో మనిషి ఎరిగి ఉండాలి. ఆ గొలుసులో ఒక్క లంకె తెగినా వాడు నా గేటు దగ్గర నిలబడడు. ఇలా చేయబట్టే నా ఏజెన్సీ మీద ఇంతవరకు మచ్చ లేదు.

ఇక ఉమాశ్రీ సంగతి. మా గార్డులు ఆమెను గేటు కంప్యూటరు ఉమాశ్రీ అంటారు. మేము కాపలా ఉండే కాంప్లెక్సులో గేటు గదిలో ఒక కంప్యూటరు ఉంది. వచ్చేపోయే వాళ్ళ పేర్లు, బండ్ల నంబర్లు, కెమెరాల రికార్డింగు, అన్నీ దాంట్లోనే. ఇళ్ళల్లో ఉండే రకం కాదు, లినక్స్ అనే వేరే రకం మీద నడుస్తుంది. దాని బాగోగులు చూసేది ఆమె. కోనసీమ పిల్ల. తండ్రి నీటిపారుదల శాఖలో గుమాస్తా. కాకినాడలో ఎంసీఏ చదివి, పెళ్ళయ్యాక హఫీజ్‌పేట్ వచ్చి, హైటెక్ సిటీలో ఒక కంపెనీలో చాలాకాలం సర్వర్లు చూసింది. కంపెనీ ఆ పనిని వేరే దేశానికి మార్చేసి ఆ విభాగాన్ని మూసేసింది. ఇంకో ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, చివరికి ఈ దారిలో ఉన్న కాంప్లెక్సుల గేటు కంప్యూటర్లు తానే ఒంటరిగా చూసుకోవడం మొదలుపెట్టింది. స్కూటీ మీద గేటు నుంచి గేటుకు తిరుగుతుంది. భర్తకు ఒంట్లో బాగుండదు. ఇల్లు ఈ గేట్ల మీదే నడుస్తుంది.

మొదట్లో నాకు ఆమె మీద గట్టి అనుమానం ఉండేది. అంత చదివిన మనిషి గేటు గదిలో దుమ్ము పట్టిన పెట్టె ముందు ఎందుకు కూర్చుంటుంది? ఏదో లేకుండా కూర్చోదు. పైగా ఆమె తీరు కూడా అలాగే ఉండేది. స్కూటీ మీద హెల్మెట్ వదలదు, చేత్తో పట్టుకుని లోపలికి తెచ్చుకుంటుంది. టీ ఇస్తే ఏ బండిదని అడిగి గాని తాగదు. మా వాళ్ళు ఆమె సంచి జరిపి పెట్టినా ఒప్పుకోదు. ఒక కన్నేసి ఉంచమని గార్డు సంతోష్‌కు చెప్పాను. వాడు నాకు అన్న వరసయ్యే మనిషి కొడుకు. ఆమె అది కనిపెట్టి, స్క్రీను అద్దంలో వెనకున్న వాడు కనబడేలా కుర్చీ తిప్పుకుంది. ఆ రోజే అనుకున్నాను, ఈమె మామూలు మనిషి కాదని. అంటే మంచిదని కాదు, జాగ్రత్తగా ఉండాలని.

మొన్నటి వినాయక చవితికి మా గేటు పక్కనే మండపం వేశారు. పూజలు, పాటలు, పులిహోర, అంతా సందడి. ఆ సందడిలో ఒక ఉదయం కాంప్లెక్సు సెక్రటరీ రంగనాథ్ గారు మొహం ఎర్రగా చేసుకుని గేటు గదికి వచ్చారు. సెల్లార్‌లో ఎవరో ఆయన కారు తలుపును గీసేశారు. కొత్త కారు. ఎవరు గీశారో కెమెరా రికార్డింగులో చూద్దామని కూర్చుంటే రికార్డింగు లేదు. ఆ ఒక్క రోజుదే కాదు, చవితి ముందు రోజు నుంచి ఏదీ లేదు. అసలు రికార్డు చేసే ప్రోగ్రామే కంప్యూటరులో కనబడలేదు. కెమెరాలు చూస్తున్నాయి గాని ఏదీ దాచడం లేదు.

ఆయన నన్ను పక్కకు పిలిచి, ఇది ఆ ఉమాశ్రీ పనేనన్నారు. ఆమె ఒప్పందం ఈ నెలతో ముగుస్తుందట. వేరే కంపెనీ వాళ్ళను పెట్టుకుందామని కమిటీలో మాట అనుకున్నారట. అది ఆమె చెవిన పడి, తాను లేకపోతే గేటు నడవదని చూపించడానికి ఇంట్లో కూర్చునే ఆపేసి ఉంటుందని ఆయన వాదన. కంప్యూటరులో ఏదైనా ఎక్కించాలన్నా తీసేయాలన్నా పెద్ద పాస్‌వర్డ్ కావాలి. అది తెలిసింది ఇద్దరికే, ఆమెకూ సెక్రటరీకీ. తాను తియ్యలేదు కాబట్టి తీసింది ఆమేనన్నారు. లెక్క సరిగ్గానే ఉందనిపించింది నాకు. కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

అంతటితో ఆగలేదాయన. ఈ దారిలోని కాంప్లెక్సుల సెక్రటరీలందరికీ వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది. మా గేటు కంప్యూటరు చూసే మనిషి మీద అనుమానం ఉంది, మీరూ చూసుకోండి అని అందులో పెట్టేశారు. అందరి గేట్లూ చూసేది ఆమే కదా. ఆమె మా దగ్గరికి వచ్చేసరికే రెండు కాంప్లెక్సుల వాళ్ళు ఫోన్ చేసి, ప్రస్తుతానికి మీరు రావద్దు మేడమ్ అన్నారట. మిగిలినవాళ్ళు ఆ సాయంత్రం అదే గ్రూపులో మాట్లాడుకుని తేల్చుకుంటామన్నారు. ఆలోగా తన చెయ్యి లేదని తేలకపోతే ఆమెకు ఈ కారిడార్‌లో ఒక్క గేటూ మిగలదు.

ఆమె రాకముందే నేను సంతోష్‌ను నిలబెట్టి అడిగాను. "బయటోళ్ళు ఎవరన్న ఈ కుర్చీల కూసున్నార్రా?"

"లేదు కాకా. బయటోళ్ళు ఎవ్వలు రాలే."

ఊరి దేవర మీద ఒట్టు వేయించాను. వేశాడు. వాడి కళ్ళల్లోకి చూశాను. అబద్ధం లేదు. ఇనుప ముఠాను పట్టించిన కళ్ళు ఇవి, పొరబడవు. దాంతో ఉమాశ్రీ మీద అనుమానం ఇంకాస్త గట్టిపడింది.

ఆమె వచ్చింది. రంగనాథ్ గారు కూర్చోమనలేదు. బాగుచెయ్యండి, సాయిలు మీ వెనకాలే నిలబడతాడు, ఏదీ చెరపకూడదు అన్నారు. ఆమె హెల్మెట్ తన కాళ్ళ దగ్గర పెట్టుకుని, "ముందు చూస్తానండి. బాగుచెయ్యడం తర్వాత" అంది. నేను వెనకాల నిలబడ్డాను. ఇంగ్లీషు అక్షరాలు నాకు వచ్చు, కూడబలుక్కుని చదవగలను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తుతుంటే ఒక్కొక్క మాటే పట్టుకోవడానికి చూశాను.

రికార్డు చేసే ప్రోగ్రామును మళ్ళీ ఎక్కించమని ఆమె అడిగింది. కంప్యూటరు ఒప్పుకోలేదు. ఏదో సంజాయిషీ చెప్పి ఆగిపోయింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ అదే. ఏమంటుందని నేను అడిగాను. చెప్పకపోతే మోసం చేస్తోందనుకోవచ్చు కదా.

ఆమె చెప్పింది. ఈ కంప్యూటరులోకి ఏ ప్రోగ్రామైనా ప్యాకేజీగా వస్తుందట. ఏ ప్యాకేజీ కూడా ఒంటరిగా నడవదట. మాకు రికార్డు చేసేది కెమెరా బొమ్మను తీసుకుంటుంది గాని, దాన్ని చిన్నదిగా చుట్టి దాచే పని దానికి రాదు. ఆ పని లైబ్రరీ అనే ఇంకో ప్యాకేజీది. ఆ లైబ్రరీ మీద ఆధారపడేవి ఇంకా కొన్ని ఉంటాయి, అదీ వేరే వాటి మీద ఆధారపడుతుంది. రికార్డు చేసేదానికి ఆ లైబ్రరీ ఫలానా వెర్షనే కావాలి, వేరేదైతే పని చెయ్యనంటుంది.

"ఇప్పుడు ఆ చోట్లో కూర్చున్నది అది కాదండి. పేరు అదే, మనిషి వేరు."

ఆ మాటకు నేను తలెత్తి చూశాను. మా వృత్తిలో అన్నిటికన్నా పెద్ద తప్పు అదే. ఒకడి పేరు మీద ఇంకొకడు యూనిఫాం వేసుకుని నిలబడటం. హాజరు పడుతుంది, గేటు దగ్గర మనిషి కనబడతాడు, సంతకం కూడా ఉంటుంది. ఏదైనా జరిగిన రోజున చూస్తే వాడు వాడు కాదు. నా ఏజెన్సీలో అలాంటి వాళ్ళను మొహం చూసే పట్టుకుని పంపించేశాను. ఇనుప పెట్టెలో కూడా ఆ మాయ ఉంటుందని మాత్రం నాకు తెలియదు.

రంగనాథ్ గారికి ఈ మాటలు రుచించలేదు. బలవంతంగా ఎక్కించే మార్గం ఉంటుంది కదా, ఫోర్స్ చెయ్యండి అన్నారు. ఆయన కూడా ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరే. ఉంది గాని చెయ్యనంది ఆమె. బలవంతం చేస్తే ఎక్కుతుంది, ఎక్కినట్టు కనబడుతుంది, లోపల కావలసింది ఉండదు కాబట్టి రికార్డు చెయ్యదు, పైగా రేపు ఇంకేదైనా ఎక్కించబోతే మొత్తం మొండికేస్తుంది. "పని జరిగినట్టు కనబడాలంటే ఇప్పుడే చేసేస్తానండి. జరగాలంటే ఆగాలి" అంది.

తర్వాత ఆమె చేసిన పని చూసి నా అనుమానం కొంచెం కదిలింది. కంప్యూటరులో ఉన్న ఒక్కొక్క ప్యాకేజీని, నువ్వు ఎక్కడి నుంచి వచ్చావు, నిన్ను ఎవరు రప్పించారు అని అడగడం మొదలుపెట్టింది. దానికో ఆజ్ఞ ఉంది. అది కొడితే ఆ ప్యాకేజీ, ఇంటర్నెట్‌లో ప్యాకేజీలు దాచి ఉంచే ఏ భాండారం నుంచి దిగిందో, దేనికోసం దిగిందో చెబుతుంది. నేను పనికొచ్చిన వాణ్ణి అడిగేది ఇదే. చాలావాటికి ఒకే జవాబు వచ్చింది, ఆ లినక్స్ తయారుచేసినవాళ్ళ సొంత భాండారం. ఆమె తలూపుతూ దాటేసింది. ఆ లైబ్రరీ దగ్గరికి వచ్చేసరికి వేరే పేరు కనబడింది. ఎవరో బయటివాళ్ళు నడిపే భాండారం.

"ఇది నేను చేర్చింది కాదు" అంది ఉమాశ్రీ.

"మీరు కాక ఎవరు చేరుస్తరు? పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?" అన్నారు రంగనాథ్ గారు.

చవితి ముందు రోజు మధ్యాహ్నం ఎవరో కూర్చుని ఆ భాండారాన్ని చేర్చి, దాని నుంచి పాటలు వాయించే ఒక ప్లేయర్‌ను దింపారని కంప్యూటరు చెబుతోంది. ఏ చేతితో కొట్టారో మాత్రం చెప్పదు. పాస్‌వర్డ్ తెలిసిన వాళ్ళెవరు కూర్చున్నా ఒకే పేరు పడుతుంది. ఆ పేరు మీరు పెట్టిందే కదా అన్నారాయన. యంత్రానికి పెట్టిన పేరు గాని నా పేరు కాదండి అంది ఆమె. మాట మీద మాట పెరిగింది. ఆమె గొంతు మాత్రం పెరగలేదు. నాకు అదే ఇంకా అనుమానం. తప్పు లేని మనిషి అరవాలి కదా?

ఇంతలో రంగనాథ్ గారికి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చి బయటికి వెళ్ళారు. ఉమాశ్రీ లేచి బల్ల వెనక్కి వంగి చూసింది. అక్కడ కెమెరా వైర్లు, ఇంటర్‌కమ్ వైర్లు, ఇంటర్నెట్ వైర్లు కట్టగా చిక్కుపడి ఉంటాయి. మేమెవరం వాటి జోలికి వెళ్ళం. ఆమె వాటిని ఒక్కొక్కటే వేలితో పట్టుకుంటూ వెళ్ళి ఒక సన్నటి నల్ల వైరు దగ్గర ఆగింది. అది కిటికీ సందులోంచి బయటికి, మండపం వైపు పోయింది. ఆమె తిరిగి వచ్చి కూర్చుంది. మండపంలో పాట మోగుతూనే ఉంది.

అప్పుడు తక్కువ గొంతుతో నాతో అంది. ఎవరో పాటలు మోగడం కోసం ఆ ప్లేయర్ తెచ్చారు. అది తనతో కొత్త లైబ్రరీని తెచ్చింది. పాతదీ కొత్తదీ ఒకే చోట కూర్చోలేవు. కొత్తది కూర్చోవాలంటే పాతది లేవాలి, పాతది లేస్తే దాని మీద బతికే రికార్డింగు కూడా లేవాలి. యంత్రం ఆ మాట ముందే చెప్పి, అవునా కాదా అని అడుగుతుంది. ఎవరో అవునన్నారు.

"ఇప్పుడు నేను పాతదాన్ని కూర్చోబెడతాను. కొత్తది పోతుంది, దాంతో ఆ ప్లేయర్ పోతుంది, పాట ఆగుతుంది. ఆగాక ఈ గదికి ఎవరొస్తారో మీరు చూడండి, సాయిలు గారూ. నేను చెబితే నేనల్లిన కథంటారు."

చూశారా తెలివి. దొంగ కోసం వెతకక్కర్లేదు, వాడి పని ఆపితే వాడే వస్తాడు. ఇనుము దొంగల విషయంలో నేను చేసిందీ అదే, లారీ దారికి అడ్డంగా బండ దొర్లించి పక్కన కూర్చున్నాను. అయినా నా జాగ్రత్తలో నేనున్నాను. ఈమె ముందే ఎవరితోనో మాట్లాడి పెట్టుకుని, పాట ఆగగానే వచ్చి ఒప్పుకోమని ఉంటే?

"మేడమ్, జర మీ ఫోను గీ బల్ల మీద పెట్టుండ్రి" అన్నాను.

ఆమె నా మొహం వంక చూసింది. కోపం తెచ్చుకోలేదు. ఫోను బల్ల మీద పెట్టి, "మీదీ, ఆ అబ్బాయిదీ కూడా పెట్టండి" అంది. న్యాయమే. నాదీ సంతోష్‌దీ పక్కన పెట్టాం. రంగనాథ్ గారు తిరిగి వచ్చి వరుసగా ఉన్న మూడు ఫోన్లనూ చూసి ఇదేమిటన్నారు. పని అయ్యేదాకా ఎవరమూ ఎవరికీ ఫోన్ చెయ్యమని చెప్పాను. ఆయనా కూర్చున్నారు.

ఉమాశ్రీ పని మొదలుపెట్టింది. ముందు ఆ బయటి భాండారం పేరు కొట్టేసింది. తర్వాత లైబ్రరీని పాత వెర్షన్ పేరుతోనే పిలిచింది. ఇలా చేస్తే ఏవేవి పోతాయి, ఏవేవి వస్తాయి అని కంప్యూటరు పొడుగ్గా చూపించి, అవునా కాదా అని అడిగింది. ఆమె వెంటనే కొట్టలేదు. తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క పేరే చదివింది. ఒకచోట ఆగి, కాదని కొట్టి, వెనక్కి వెళ్ళి ఇంకో లైబ్రరీని కూడా పాతదాన్నే అడిగి మళ్ళీ వచ్చింది. అది సరిచూడకపోతే ఈసారి వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసే ప్రోగ్రాము పోయేదట. ఇంత నిదానమా అని రంగనాథ్ గారు చేతి గడియారం చూసుకున్నారు. చివరికి అవునని కొట్టింది. రికార్డు చేసేది ఈసారి మారు మాట లేకుండా ఎక్కింది. ఆ లైబ్రరీలను ఇకమీద ఎవరు కదపబోయినా కదలకుండా హోల్డ్‌లో పెట్టింది. అన్నీ అయ్యాక యంత్రాన్ని ఒకసారి ఆపి లేపాలని చెప్పి ఆపింది.

మండపంలో పాట చరణం మధ్యలో ఆగిపోయింది.

నేను తలుపు పక్కన నిలబడ్డాను. మొదట వచ్చింది పూజారి. పూజారా ఈ పని చేసింది? ఆయన గుమ్మంలోంచే కరెంటు పోయిందా అని అడిగి, ఫ్యాను తిరగడం చూసి, ఓహో ఉందే అనుకుంటూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత కొంతసేపు ఎవరూ రాలేదు. రంగనాథ్ గారు పెదవి విరుస్తూ ఉమాశ్రీ వైపు చూశారు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వైపే చూస్తోంది. ఆ చేతి వేళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకోవడం ఆ గదిలో నేనొక్కణ్ణే చూశాను.

అప్పుడు సోమేశ్వరరావు గారు వచ్చారు.

ఆయన ఎవరో చెప్పాలి. రాజమండ్రి వైపు మనిషి. ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. రంగనాథ్ గారికి ముందు ఈ కాంప్లెక్సుకు సెక్రటరీ ఆయనే. ఇప్పుడు ఉత్సవ కమిటీ పెద్ద. పట్టు పంచె, నుదుటిన కుంకుమ, మెడలో కండువా. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే సంతోష్ లేచి, ఎవరూ చెప్పకుండానే కంప్యూటరు ముందున్న రెండో కుర్చీని ఆయన కూర్చునే ఎత్తుకు సరిచేసి జరిపాడు. కుర్చీ ఎత్తు వాడికెలా తెలుసు? అక్కడే నాకు సగం అర్థమైంది.

"ఏమ్మా ఉమాశ్రీ, నువ్వూ ఉన్నావా. పాట ఆగిపోయింది చూడు" అంటూ ఆయన కూర్చుని కళ్ళజోడు సవరించుకున్నారు. అప్పటికి యంత్రం లేచింది. కీబోర్డు తన వైపు లాక్కుని, మేమంతా చూస్తుండగానే పెద్ద పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళారు.

రంగనాథ్ గారు లేచి నిలబడ్డారు. "అంకుల్, ఆ పాస్‌వర్డ్ మీకెట్ల తెలుసు?"

"నా టైములో పెట్టిందేగా. నువ్వు మార్చలేదుగా నాయనా."

నిజమే. సెక్రటరీ మారినప్పుడు పాస్‌వర్డ్ కూడా మార్చాలని ఎవరికీ తోచలేదు. సెక్రటరీ మారిన సంగతి అప్పట్లో ఉమాశ్రీకి ఎవరూ చెప్పలేదు కూడా. తెలిసింది ఇద్దరికే అని లెక్క వేసిన రంగనాథ్ గారు, దిగిపోయిన మనిషి తలలో ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

సోమేశ్వరరావు గారు ఎంతో ఉత్సాహంగా చెప్పుకొచ్చారు. మైకు సెట్టుకు పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రం పాడైందట. గేటు గది దగ్గరే కదా అని ఈ కంప్యూటరుకు వైరు తగిలించారు. పాట మోగలేదు. ఇంటర్నెట్‌లో చూసి, అందులో చెప్పినవి వరుసగా కొట్టారు. ఎవరి సాయమూ లేకుండా తానే సాధించారు. ఇంట్లో మనవలు చప్పట్లు కొట్టారట.

"మధ్యలో ఏదో అడిగి ఉండాలండి, అవునా కాదా అని" అంది ఉమాశ్రీ.

"అడిగిందమ్మా. ఇంత జాబితా చూపించింది. అవునన్నాను. సర్వీసంతా చేశాను, కింది నుంచి వచ్చిన ఫైలు మీద కాదని ఎన్నడూ రాయలేదు."

"ఆ జాబితాలో మన కెమెరా రికార్డింగు పేరు ఉందండి, బాబాయిగారూ. తీసేస్తున్నానని చెప్పి మరీ అడిగింది."

ఆయన నవ్వు మెల్లగా తగ్గింది. కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు.

నేను సంతోష్ మీదికి తిరిగాను. ఒట్టు వేసి మరీ అబద్ధం చెప్పినవా అన్నాను. వాడు బిత్తరపోయాడు. "నువ్వు బయటోళ్ళు అన్నవ్ గద కాకా. తాతగారు బయటోడా? పొద్దున్నే మైకు బెట్టనీకె దినాం వస్తడు." నిజమే, వాడు అబద్ధం చెప్పలేదు. మా వాళ్ళకు బయటివాడంటే ముక్కూ మొహం తెలియనివాడు. కుంకుమ పెట్టుకుని ప్రసాదం పంచే పెద్దమనిషి బయటివాడి కిందికి రాడు. నా గార్డులందరూ అలాగే అనుకుంటారు. దొంగలు కూడా అది ఎరుగుదురేమోనని నాకు అప్పుడే తోచింది.

రంగనాథ్ గారు త్వరగా సర్దుకున్నారు. సరేలెండి, పండగ పూట అయిందేదో అయింది, రికార్డింగు వచ్చింది కదా, ఇంతటితో వదిలేద్దామన్నారు.

"అవలేదండి. గ్రూపులో మీ మాట అలాగే ఉంది" అంది ఉమాశ్రీ.

అయితే సాంకేతిక లోపం సరిచేయబడింది అని రాస్తానన్నారాయన. అలా రాస్తే లోపం నాదవుతుందని ఆమె అంది. పెద్దాయన పేరు గ్రూపులో ఎలా పెట్టమంటారని ఆయన గొంతు తగ్గించారు. నా పేరు పొద్దున ఎలా పెట్టారో అలాగేనని ఆమె అంది. గొంతు అప్పుడు కూడా పెరగలేదు. ఆ నిదానం దొంగతనం వల్ల వచ్చింది కాదని అప్పటికి నాకు తెలిసింది. ఒక్కొక్క పేరు చదివి గాని అవుననని మనిషి, మాట కూడా అలాగే అంటుంది.

ఏ గ్రూపు, ఏం మాట అని సోమేశ్వరరావు గారు అడిగారు. ఎవరూ చెప్పకపోతే నేనే చెప్పాను. ఆమె గేట్లన్నీ పోబోతున్నాయని కూడా చెప్పాను. ఆయన చెయ్యి చాచి రంగనాథ్ గారి ఫోన్ అడిగారు. ఇవ్వక తప్పలేదు. ఆఫీసు కాగితాలు రాసిన చెయ్యి కదా, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టి, పంపే ముందు పైకి చదివి మాకందరికీ వినిపించారు.

"ఈ ఉదయం మా సెక్రటరీ గారు వెలిబుచ్చిన అనుమానం సరికాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. రికార్డింగు ఆగుటకు కారకుడను నేను. చదవకుండా ఒప్పుకొంటిని. శ్రీమతి ఉమాశ్రీ గారు దానిని సరిచేసినారు. సోమేశ్వరరావు, మాజీ సెక్రటరీ."

పంపేశారు. కాసేపటికే బల్ల మీదున్న ఉమాశ్రీ ఫోన్ మోగింది. పొద్దున రావద్దన్న కాంప్లెక్సుల్లో ఒకటి. ఆమె పేరు చూసింది గాని తియ్యలేదు. ఇక్కడి పని కానివ్వండి, వాళ్ళు ఆగుతారు అంది. మోగి మోగి ఆగింది. వెంటనే ఇంకొకటి మోగింది.

మరి పాట సంగతేమిటని సోమేశ్వరరావు గారు చిన్నగా అడిగారు. ఇంట్లో పాత ఫోను ఏదైనా ఉంటే దాన్ని మైకుకు తగిలించండి, ఈ యంత్రం జోలికి మాత్రం రాకండి అంది ఆమె. ఆయన తలూపారు.

మిగిలిన పని పాస్‌వర్డ్ మార్చడం. కొత్తది నేనే పెట్టి మీకు చెబుతాను అని ఆమె అనలేదు. రంగనాథ్ గారినే కుర్చీలో కూర్చోబెట్టి, మీరే పెట్టండి, మీకొక వేరే పేరు ఇచ్చాను, నాది వేరే, ఇకమీద ఎవరు ఏం చేసినా వాళ్ళ పేరే పడుతుందని చెప్పింది. ఆయన వేళ్ళు కీబోర్డు మీద పెట్టి మా అందరి వంకా చూశారు. ఆయనకూ అనుమానం మొదలైంది. మంచిదే, సెక్రటరీకి ఉండాల్సిన గుణం. జర అటు తిరుగుండ్రి అన్నారు.

తిరిగాం. ఏడో తరగతి చదివి ఏజెన్సీ పెట్టిన నేను, ప్రభుత్వంలో సంతకాలు పెట్టిన సోమేశ్వరరావు గారు, ఎంసీఏ చదివిన ఉమాశ్రీ, గార్డు సంతోష్, నలుగురం గోడకేసి మొహాలు పెట్టి వరుసగా నిలబడ్డాం. వెనక నుంచి కీలు టకటకమంటున్నాయి. ఆయన రెండోసారి కొట్టింది మొదటిదానితో సరిపోలేదు కాబోలు, మళ్ళీ మొదలుపెట్టారు. ఎవరమూ తల తిప్పలేదు.

తర్వాత రికార్డింగు నిజంగా ఎక్కుతోందో లేదో చూద్దామని ఉమాశ్రీ గేటు గది కెమెరా తెరిచింది. కొంచెం ముందు జరిగిందంతా చక్కగా దాచి ఉంది. తెర నిండా మా నాలుగు వీపులు.